తేట వాగులోకి మురుగు పైపు వస్తోందంటే ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి

వాగు ఒడ్డున ఉండేవాళ్ళకి ఈ వార్త ఎప్పుడూ ఆలస్యంగానే తెలుస్తుంది. ఎక్కడో మూల ఒక నోటీసు పడి ఉంటుంది, లేకపోతే సర్వేవాళ్ళు గట్టు మీద గుర్తులు పెడుతుంటే ఎవరో చూసి అడుగుతారు, "ఏం లేదండీ, శుద్ధి చేసిన నీళ్ళే వదుల్తారు" అని సమాధానం వస్తుంది. అప్పటికి డ్రాఫ్ట్ పర్మిట్ రాసేసి ఉంటారు, అభ్యంతరాలు చెప్పుకోడానికి ఓ నెల మిగిలి ఉంటుంది అంతే. నేను ఇలాంటి దాంట్లో రెండేళ్ళకి పైగా తిరిగాను, ఆ రెండేళ్ళలో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా, ఇప్పుడు ఆ నోటీసు చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తోచక కూర్చున్నవాళ్ళ కోసం.

అన్నిటికంటే ముందు ఒక్క మాట. మీ వాగు శుభ్రంగా ఉందని మీకు తెలుసు, మీ ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ పర్మిట్ ఇచ్చే ఆఫీసుకి తెలీదు. వాళ్ళ దగ్గర ఉన్న కాగితాల్లో ఆ వాగు గురించి చాలాసార్లు ఏమీ ఉండదు, ఉన్నా పాతికేళ్ళ కిందటి ఒకటో రెండో రీడింగులు ఉంటాయి. పైపు రాకముందు నీళ్ళు ఎలా ఉన్నాయో తేదీ వేసి, అంకె వేసి రాసిపెట్టుకోకపోతే రేపు పాచి పట్టిన తర్వాత "ఇది ముందు నుంచీ ఇలాగే ఉండేది" అంటే మన దగ్గర జవాబు ఉండదు. అందుకని ధర్నాలు, బ్యానర్లు, సంతకాలు అన్నీ తర్వాత, నోటీసు చూసిన మర్నాడే సీసా పట్టుకుని వాగులోకి దిగండి.

కాగితాలు తెప్పించుకోవడం

సీసా పని ఒకరికి అప్పజెప్పి ఇంకొకరు కాగితాల వెంట పడాలి. కావాల్సినవి ఇవి: కంపెనీవాళ్ళో మున్సిపాలిటీవాళ్ళో పెట్టిన అసలు దరఖాస్తు, డ్రాఫ్ట్ పర్మిట్, ఆ పర్మిట్‌లో అంకెలు ఎలా వచ్చాయో చెప్పే లెక్కల రిపోర్టు, వాగులో నీళ్ళ పారకం ఎంతని తీసుకున్నారో ఆ పేజీ. ఇదే సంస్థ వేరే చోట ప్లాంట్ నడుపుతుంటే దాని నెలనెలా రిపోర్టులు కూడా. ఈ చివరిది చాలామంది అడగరు, కానీ హియరింగ్‌లో, అంటే జనం అభ్యంతరాలు వినే సభలో, బాగా పనికొచ్చేది అదే, ఎందుకంటే "మేం బాగా నడుపుతాం" అనే మాటకి వాళ్ళు ఇప్పటిదాకా ఎలా నడిపారు అన్నదే కొలబద్ద.

చట్టం ఏ దేశంలో ఉంటే ఆ దేశంది. అమెరికాలో 1972 క్లీన్ వాటర్ యాక్ట్ కింద పర్మిట్ లేకుండా పైపు నుంచి వదలకూడదు, ఆ పర్మిట్ ఐదేళ్ళకి మించి ఇవ్వరు, డ్రాఫ్ట్ మీద జనానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. యూరప్‌లో 1991లో వచ్చి 2024లో తిరగరాసిన పట్టణ మురుగునీటి డైరెక్టివ్ ఉంది, సమాచారం అడిగే హక్కు 1998 ఆర్హస్ ఒప్పందం నుంచి వచ్చింది. ఇండియాలో 1974 నీటి కాలుష్య చట్టం కింద రాష్ట్ర బోర్డు అనుమతి కావాలి, 2005 సమాచార హక్కు చట్టంతో కాగితాలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్ 2010 చట్టంతో వచ్చింది. పేర్లు వేరైనా ఎక్కడైనా అడగాల్సిన ప్రశ్న ఒకటే, ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఏ తేదీలోపు, దాని మీద అప్పీలు ఎన్ని రోజుల్లో వెయ్యాలి. ఈ మూడూ ఒక పెద్ద కాగితం మీద రాసి మీటింగ్ జరిగే గోడకి అంటించండి. గడువు ఒక్కరోజు దాటినా ఎంత మంచి వాదనైనా చెల్లదు, అలా పోయిన కేసులు నేను చూశాను.

ఇంకోటి, చాలా చోట్ల శుభ్రమైన నీళ్ళని ఉన్నదానికంటే పాడుచెయ్యకూడదు అని విడిగా ఒక రూల్ ఉంటుంది. అమెరికాలో దీన్ని యాంటీడిగ్రడేషన్ అంటారు. అంటే నీళ్ళు స్టాండర్డ్ కంటే బాగున్నాయి కాబట్టి స్టాండర్డ్ దాకా పాడుచేసుకోవచ్చు అనే వాదన ఊరికే చెల్లదు, ఎందుకు తప్పదో, వేరే దారి ఎందుకు లేదో వాళ్ళు నిరూపించాలి. మీ చోట అలాంటి రూల్ ఉందేమో మొదటి వారంలోనే వెతకండి, ఉంటే మీ వాదన సగం దాని మీదే నిలబడుతుంది.

"శుద్ధి చేసిన నీళ్ళే" అన్నప్పుడు అసలు ఏం అడగాలి

ఈ మాట అబద్ధం కాదు, కానీ పూర్తి నిజం కూడా కాదు. మామూలు ప్లాంట్లలో బ్యాక్టీరియాతో మురుగుని తినిపిస్తారు, తర్వాత మట్టి అడుక్కి దింపుతారు, చివర్లో క్లోరిన్ గానీ యూవీ లైటు గానీ వాడి క్రిములు చంపుతారు. దీంతో కుళ్ళే పదార్థం చాలామటుకు పోతుంది, బీఓడీ అనేది అదే, ఐదు రోజుల పాటు 20 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ నీళ్ళు ఎంత ఆక్సిజన్ లాగేస్తాయి అనే కొలత. అయితే ఫాస్ఫరస్ తియ్యడానికి ప్రత్యేకంగా ఏర్పాటు లేకపోతే అది చాలావరకు అలాగే బయటికొచ్చేస్తుంది. నీళ్ళు చూడ్డానికి తేటగా ఉంటాయి, గ్లాసులో పోసి చూపిస్తారు కూడా, కానీ వాగుకి అది ఎరువు నీళ్ళు.

ఫాస్ఫరస్ ఏం చేస్తుందో అనుమానం ఉన్నవాళ్ళకి కెనడాలో 226 నంబర్ సరస్సు సంగతి చెప్పండి. 1973లో అక్కడి పరిశోధకులు ఒకే సరస్సుని మధ్యలో పరదా కట్టి రెండు చేశారు, ఒక పక్క నైట్రోజన్, కార్బన్ కలిపారు, రెండో పక్క ఆ రెండిటితో పాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ పడ్డ పక్క ఆకుపచ్చగా మారిపోయింది, అది పడని పక్క మామూలుగానే ఉంది. పైనుంచి తీసిన ఆ ఫోటో ఒక్కటి మీటింగులో చూపిస్తే అరగంట లెక్చర్ అక్కర్లేదు.

డ్రాఫ్ట్ పర్మిట్‌లో ఫాస్ఫరస్‌కి హద్దు ఉందా లేదా చూడండి. చాలాసార్లు బీఓడీకి ఉంటుంది, మట్టికి ఉంటుంది, ఫాస్ఫరస్ దగ్గర "రిపోర్ట్ చెయ్యాలి" అని మాత్రమే ఉంటుంది. అంటే కొలిచి చెప్తే చాలు, ఎంత వదిలినా తప్పు కాదు అని. హద్దు ఉంటే దాన్ని ఇలా లెక్కెయ్యండి, కాలిక్యులేటర్ చాలు.

మీ వాగులో సెకనుకి 100 లీటర్లు పారుతున్నాయి, ఫాస్ఫరస్ లీటరుకి 0.01 మిల్లీగ్రాములు ఉంది అనుకోండి, తేట వాగులో అంత తక్కువ ఉండడం మామూలే. ప్లాంటు సెకనుకి 10 లీటర్లు వదుల్తుంది, అంటే రోజుకి 8.64 లక్షల లీటర్లు, దాన్లో ఫాస్ఫరస్ లీటరుకి 1 మిల్లీగ్రాము. వాగుది 100 గుణించు 0.01 అంటే 1, ప్లాంటుది 10 గుణించు 1 అంటే 10, రెండూ కలిపి 11, మొత్తం నీళ్ళు 110 లీటర్లు, భాగిస్తే 0.1. పది రెట్లు పెరిగిపోయింది, ప్లాంటు నీళ్ళు వాగులో పదో వంతే ఉన్నా కూడా. ఇప్పుడు ఇదే లెక్క ఎండాకాలానికి చెయ్యండి. వాగు 10 లీటర్లకి పడిపోయింది, ప్లాంటు మాత్రం అదే 10 వదుల్తూ ఉంటుంది, ఇళ్ళల్లో వాడకం తగ్గదు కదా. 0.1, 10 కలిపితే 10.1, దాన్ని 20తో భాగిస్తే 0.5కి కాస్త పైన. యాభై రెట్లు. ఆ నెలల్లో మీ వాగులో సగం నీళ్ళు ప్లాంటువే. ఈ లెక్క మా దగ్గర ఒక స్కూలు టీచరు బోర్డు మీద వేసి చూపించారు, అప్పటిదాకా "అభివృద్ధికి అడ్డం పడకండి" అన్నవాళ్ళు కూడా ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు.

అందుకే పారకం పేజీ అడగమన్నది. వాళ్ళు ఏడాది సగటు పారకం తీసుకుని లెక్కేస్తే వానాకాలం వరద నీళ్ళన్నీ అందులో కలిసిపోయి వాగు పెద్దదిగా కనిపిస్తుంది. అడగాల్సింది అతి తక్కువ పారకం. అమెరికాలో పదేళ్ళకి ఒకసారి వచ్చే అతి తక్కువ ఏడు రోజుల సగటు తీసుకుంటారు, 7క్యూ10 అంటారు దాన్ని. కొన్ని చిన్న వాగులకి ఆ అంకె సున్నా, అంటే ఆ వారం పైపుకి దిగువన ఉన్నది వాగు కాదు, పూర్తిగా ప్లాంటు నీళ్ళే. బ్రిటన్‌లో రాయల్ కమిషన్ 1912లోనే లీటరుకి బీఓడీ 20, మట్టి 30 మిల్లీగ్రాములు అనే స్టాండర్డ్ చెప్పినప్పుడు దానికి ఒక షరతు పెట్టింది, మురుగుకి కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నదినీళ్ళు ఉండాలని. ఆ 20, 30 అంకెలు ప్రపంచమంతా తిరిగాయి గానీ ఎనిమిది రెట్ల షరతుని మాత్రం చాలా చోట్ల మర్చిపోయారు, దాన్ని గుర్తుచెయ్యాల్సింది మనమే.

పారకం మీరే కొలవొచ్చు. వాగు తిన్నగా, ఒకే వెడల్పులో ఉన్న చోట ఒడ్డున 10 మీటర్లు టేపుతో గుర్తు పెట్టండి. వెడల్పు కొలవండి, అడ్డంగా ఐదారు చోట్ల లోతు కొలిచి సగటు తియ్యండి. సగం మునిగి సగం తేలే వస్తువేదైనా పైనుంచి వదిలి 10 మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి, ఐదుసార్లు చేసి సగటు తియ్యండి. వెడల్పు 3 మీటర్లు, లోతు 0.2, పది మీటర్లకి 25 సెకన్లు పట్టిందనుకోండి, 3 ఇంటూ 0.2 ఇంటూ 0.4, దాన్ని 0.85తో గుణించాలి, పైన నీళ్ళు అడుగు నీళ్ళ కంటే వేగంగా పారతాయి కాబట్టి. 0.204 ఘనపు మీటర్లు వస్తుంది, అంటే సెకనుకి దాదాపు 200 లీటర్లు. ఇంజనీరు మీటరంత కచ్చితం కాదు, కానీ రిపోర్టులో ఉన్న అంకె మీరు కొలిచిన దానికి నాలుగు రెట్లు ఉంటే తేడా ఎక్కడుందో అందరికీ కనిపిస్తుంది.

మా దగ్గర దీనికంటే బాగా పనికొచ్చింది ఒక నోటుబుక్కు. వాగు ఒడ్డున ఉండే ఒక మామ్మగారు రోజూ పొద్దున మెట్ల మీద నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో రాసుకునేవారు, ఎందుకు మామ్మా అంటే అలవాటు నాన్నా అన్నారు. పదకొండేళ్ళు. నీలం ఇంకు, కొన్ని పేజీలు తడిసి అలుక్కుపోయాయి. ఆ మెట్ల ఎత్తు టేపుతో కొలిచి, ఏ మెట్టు దగ్గర ఎంత పారుతుందో పైన చెప్పినట్టు కొలుచుకుని చూస్తే ఎండాకాలపు పారకం రిపోర్టులో ఉన్నదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఏ పేజీలో ఏముందో హియరింగ్‌లో ఆవిడే చదివారు. మీ ఊళ్ళో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు, పంపు నడిపేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వాన లెక్క రాసుకునేవాళ్ళు, వెతకండి.

తెల్లారకముందు వెళ్ళండి

ఆక్సిజన్ సంగతి కాస్త ఓపిగ్గా చదవండి, ఇక్కడ చాలామంది తప్పు టైములో కొలుస్తారు. నీళ్ళలో కరిగే ఆక్సిజన్‌కి ఒక పరిమితి ఉంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలకి వచ్చేసరికి ఏడున్నర. నీళ్ళు వేడెక్కే కొద్దీ తగ్గిపోతుంది, చేపలకి మాత్రం వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. పాచి పట్టిన వాగులో పగలు ఎండకి పాచి ఆక్సిజన్ వదుల్తుంది, మధ్యాహ్నం కొలిస్తే మీటరు అద్భుతంగా చూపిస్తుంది, రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ లాగేసుకుంటుంది. అన్నిటికంటే తక్కువ ఉండేది తెల్లారకముందు. కాబట్టి చీకట్లో టార్చి పట్టుకుని వెళ్ళండి, ఒంటరిగా వద్దు, ఇద్దరైనా ఉండాలి. అదే రోజు మధ్యాహ్నం మళ్ళీ కొలవండి. ఇప్పుడు తేట వాగులో ఆ రెండిటికీ తేడా కొద్దిగానే ఉంటుంది, ఆ చిన్న తేడానే మీ సాక్ష్యం.

రెండోది చోటు. మురుగు కలిసిన వెంటనే ఆక్సిజన్ అడుక్కి పడిపోదు, బ్యాక్టీరియా తింటూ తింటూ పోయి కొంత దూరం దిగువన అతి తక్కువకి వస్తుంది, అక్కడ్నించి మళ్ళీ మెల్లగా కోలుకుంటుంది. స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లో ఓహియో నది మీద దీనికి సమీకరణం రాశారు, ఇప్పటికీ చాలా రిపోర్టుల్లో లెక్కలు దాని వారసులే. కాబట్టి పైపు దగ్గర ఒక శాంపిల్ తీసి బాగానే ఉంది అంటే కుదరదు, అతి తక్కువ పాయింటు ఎన్ని కిలోమీటర్ల దిగువన వస్తుందని మీ మోడల్, అంటే మీరు వేసిన ఆ లెక్క, చెప్తోంది, అక్కడ ఎవరి బావులున్నాయి, మడుగులున్నాయా అని అడగండి. మడుగుల్లో నీళ్ళు నిదానిస్తాయి, మోడల్‌లో వాగంతా ఒకే వేగంతో పారినట్టు వేసుంటే అది మీ వాగు కాదు.

అమ్మోనియా హద్దు కూడా చూడండి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్‌గా మారడానికి దాదాపు 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. అంటే 5 మిల్లీగ్రాములు వదలొచ్చు అని రాస్తే దాదాపు 23 మిల్లీగ్రాముల ఆక్సిజన్ అప్పు, వేడి నీళ్ళలో ఉండేదే ఏడున్నర. బీఓడీ టెస్టు కొన్నిసార్లు అమ్మోనియా భాగాన్ని ఆపి చేస్తారు, సీబీఓడీ అని రాసుంటే అదే, అప్పుడు ఈ అప్పు ఆ అంకెలో కనపడదు. క్లోరిన్ వాడతాం అంటే వదిలేముందు దాన్ని తీసేసే ఏర్పాటు ఉందా అని అడగాలి, నీటి జీవాలకి దీర్ఘకాలం పరిమితిగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పింది లీటరుకి 11 మైక్రోగ్రాములే, మిల్లీగ్రాములు కాదు.

రాయి తిరగేసి చూడటం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, పిల్లలతో కూడా చేయించొచ్చు. మోకాలి లోతు లోపు, గులకరాళ్ళ మీద నీళ్ళు గలగలా పారే చోట ఒక అరచేతంత రాయి మెల్లగా పైకి తియ్యండి. కింది వైపు చూడండి. మొదట ఏమీ కనపడదు, నీళ్ళు జారేదాకా ఆగండి, అప్పుడు రాయిలో ఒక ముక్క కదుల్తుంది. చదునుగా, గోరంత, వెనక మూడు తోకలు, పొట్టకి రెండు పక్కలా సన్నటి మొప్పలు ఊపుతూ ఉంటుంది, అది మేఫ్లై అనే ఎగిరే పురుగు పిల్ల. పక్కనే ఇసక రేణువులు అంటించుకుని కట్టుకున్న చిన్న గొట్టం కనపడితే, లోపల కాడిస్‌ఫ్లై పిల్ల ఉంటుంది, కాసేపటికి తల బయటపెడుతుంది. రెండే తోకలున్నది స్టోన్‌ఫ్లై. ఈ మూడు రకాలూ ఆక్సిజన్ బాగా ఉన్న శుభ్రమైన నీళ్ళలోనే ఎక్కువగా బతుకుతాయి. మురుగు చేరితే ఇవి తగ్గిపోయి ఎర్రటి సన్నటి పురుగులు గుంపులుగా వస్తాయి.

ల్యాబ్ శాంపిల్ ఆ నిమిషాన నీళ్ళు ఎలా ఉన్నాయో చెప్తుంది, ఈ పురుగులు నెలల తరబడి అక్కడే బతికాయి కాబట్టి ఆ నెలలన్నిటికీ సాక్ష్యం. ఒకే చోట, ఒకే సైజు వల, ఒకే సమయం, తీసిన వాటిని తెల్లటి ట్రేలో పోసి ఫోటో తీసి లెక్క రాసుకుని మళ్ళీ వాగులోనే వదిలెయ్యండి. పైపు వచ్చే చోటుకి ఎగువన ఒక చోటు, దిగువన రెండు మూడు చోట్లు పెట్టుకోండి. ఎగువ చోటు వదిలేస్తే తర్వాత ఏం మారినా వాన వల్లా పొలాల వల్లా అనేస్తారు.

ల్యాబ్‌కి పంపే శాంపిళ్ళకి పద్ధతి ముఖ్యం. గుర్తింపు ఉన్న ల్యాబ్‌నే పట్టుకోండి, సీసాలు వాళ్ళ దగ్గరే తీసుకోండి, ఏ పరీక్షకి ఏ సీసానో, దేన్లో యాసిడ్ వెయ్యాలో వాళ్ళే చెప్తారు. సీసా మూతి పారకానికి ఎదురుగా పెట్టి మీరు దిగువన నిలబడి తియ్యండి, మీ కాళ్ళు లేపిన మట్టి పడకుండా. వెంటనే ఐసులో పెట్టండి. క్రిముల పరీక్షకి గంటల్లోనే ల్యాబ్‌కి చేరాలి, బీఓడీ, నైట్రేట్‌కి 48 గంటల లోపు. పీహెచ్, ఆక్సిజన్, వేడి మాత్రం అక్కడికక్కడే కొలవాలి. ప్రతి సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ టైముకి వెళ్ళిందో సంతకాలతో ఒక కాగితం ఉండాలి, అది లేకపోతే అవతలి లాయరు మొదట దాన్నే పట్టుకుంటారు. మేం మొదటి నాలుగు శాంపిళ్ళు అలాంటి కాగితం లేకుండా తీశాం, ఆ నాలుగూ పనికిరాలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. డబ్బు సరిపోకపోతే ఫాస్ఫరస్, అమ్మోనియా, మలం కలిసిందని చెప్పే ఈ.కోలై క్రిమి ఈ మూడిటికి ముందు ఇవ్వండి, మిగతావి చేతి మీటర్లతో నడుస్తాయి. కండక్టివిటీ మీటరు, అంటే నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో కొలిచేది, ఒకటి తప్పకుండా ఉంచుకోండి, మురుగులో ఉప్పులు ఎక్కువ కాబట్టి పైపు నుంచి నీళ్ళు ఎప్పుడు వదిలారో అది వెంటనే పట్టేస్తుంది.

వద్దు అనడంతో పాటు ఎక్కడికి పంపాలో కూడా చెప్పండి

ఇక్కడ చాలా గుంపులు ఓడిపోతాయి. మురుగు ఎక్కడో అక్కడికి వెళ్ళాలి, అందరి ఇళ్ళ నుంచీ వస్తుంది, ఆ సంగతి ఒప్పుకుని మాట్లాడితే అధికారి కూడా వింటారు. శుద్ధి చేసిన నీళ్ళని చెట్లకి, పచ్చికకి పారించొచ్చు, ఫ్యాక్టరీ కూలింగ్‌కి ఇవ్వొచ్చు, ఫ్లష్ ట్యాంకులకి తిరిగి వాడొచ్చు, పారకం తక్కువున్న నెలల్లో చెరువులాంటి దాంట్లో నిలవ ఉంచి వానల్లోనే వదలొచ్చు, పైపు ఇంకాస్త పొడవు చేసి పెద్ద నదికి తీసుకెళ్ళొచ్చు, అది కూడా అక్కడి వాళ్ళతో మాట్లాడాకే. ఇవేవీ కుదరకపోతే ఫాస్ఫరస్, నైట్రోజన్ తీసే యూనిట్ పెట్టమని అడగాలి. ప్రతి దాని ఖర్చు లెక్క వాళ్ళనే కాగితం మీద పెట్టమనండి. దరఖాస్తులో "ఇతర మార్గాలు సాధ్యం కాదు" అని ఒక్క లైనుతో తేల్చేసి ఉంటే ఆ ఒక్క లైను మీదే మీ అభ్యంతరంలో రెండు పేజీలు రాయొచ్చు.

దారి మార్చిన ఊళ్ళున్నాయి. అమెరికాలో సియాటిల్ పక్కన లేక్ వాషింగ్టన్ అనే సరస్సులోకి చుట్టూ ఊళ్ళ శుద్ధి చేసిన మురుగు పడేది, 1955లో అక్కడ మురుగు ఎరువుకి పెరిగే నాచు కనపడింది, 1958లో జనం ఓటేసి అందరికీ కలిపి ఒక సంస్థ పెట్టుకున్నారు, 1963 నుంచి 1968 దాకా ఒక్కొక్క పైపూ సరస్సు నుంచి మళ్ళించారు. 1964లో మీటరు లోతు కూడా కనపడని నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. సరస్సు అంత త్వరగా కోలుకోడానికి కారణం ఫాస్ఫరస్ ఆగడమే. శుద్ధి చేసిన నీళ్ళయినా పడే చోటు ముఖ్యం అని చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

"సరే వాగులో వదలం, భూమిలోకి ఇంకిస్తాం" అంటే అప్పుడే సంతోషించకండి. హవాయిలో మావి దీవి మీద లహైనా ప్లాంటు బావుల్లోకి పంపేది, రంగు కలిపి చూస్తే 84 రోజుల్లో ఆ నీళ్ళు సముద్రంలో తేలాయి. 2020లో అమెరికా సుప్రీంకోర్టు, నేరుగా వదిలినట్టే పనిచేస్తే భూమి లోపలి నుంచి వెళ్ళినా పర్మిట్ కావాల్సిందే అంది. ఇంకించే చోటుకీ వాగుకీ మధ్య ఏం నేల ఉంది, ఊటలు ఎక్కడ పడతాయి అని అడగండి.

హియరింగ్, దాని ముందూ వెనకా

మాట్లాడ్డానికి మూడు నిమిషాలు ఇస్తారు, అందులో అందరూ "మా వాగు మా ప్రాణం" అని చెప్తే రికార్డులో ఒకే పాయింటు పడుతుంది. పంచుకోండి. ఒకరు పారకం, ఒకరు ఫాస్ఫరస్, ఒకరు దిగువ బావులు, ఒకరు పురుగుల లెక్క, ఒకరు ఇదే సంస్థ పాత రిపోర్టులు, ఒకరు కరెంటు పోతే జనరేటరు ఉందా, వానకి మురుగు లైన్లలోకి వరద చేరితే ప్లాంటు పొంగకుండా ఏం చేస్తారు అని. వాగులో ఈత నేర్చుకున్న పెద్దాయన కూడా మాట్లాడాలి, ఆ మాట విన్నాక అంకెలకి బరువొస్తుంది. చెప్పిందంతా రాతపూర్వకంగా కూడా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. అమెరికాలో అయితే కామెంట్ల గడువులో లేవనెత్తని విషయం తర్వాత అప్పీలులో ఎత్తడం చాలా కష్టం, ఇంకా చాలా చోట్ల అంతే, అందుకని చిన్నదనిపించినా ప్రతి పాయింటూ ఆ గడువులోనే పెట్టేయండి.

ప్లాంటు నడిపే సిబ్బంది మీద నోరు పారేసుకోకండి. రేపు పైపు నుంచి ఏదో తేడాగా వస్తే మొదట ఫోన్ చేసి చెప్పేది వాళ్ళలో ఒకరే అవ్వొచ్చు. సంతకాలు పెట్టినవాళ్ళ పేర్లు, ఫోన్లు బయట గ్రూపుల్లో పెట్టకండి, దిగువ ఊళ్ళవాళ్ళని మొదటి రోజు నుంచే కలుపుకోండి, వాళ్ళకి నష్టం మీకంటే ఎక్కువ, చాలాసార్లు నోటీసు వాళ్ళ దాకా వెళ్ళదు కూడా.

పర్మిట్ ఇచ్చేశారు అనుకోండి. అప్పీలు గడువు ఆ రోజు నుంచే మొదలు. అప్పీలు వేస్తూనే షరతుల కోసం కూడా పట్టుబట్టాలి, రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఎండాకాలం వదలకూడదు, ఫాస్ఫరస్‌కి అంకె ఉండాలి, ఎగువ దిగువ శాంపిళ్ళు నెలనెలా జనానికి కనపడేలా పెట్టాలి, ఎక్కువ వదిలితే ఇన్ని గంటల్లో దిగువ వాళ్ళకి చెప్పాలి. ఇంగ్లండ్‌లో ఇల్క్‌లీ అనే ఊరివాళ్ళు వార్ఫ్ నదిలో వాళ్ళే శాంపిళ్ళు తీసి, స్నానాల నది హోదా, అంటే జనం దిగి ఈదే చోటుగా ప్రభుత్వ గుర్తింపు, కోసం పట్టుబట్టారు, 2020 డిసెంబరులో ఇంగ్లండ్‌లో మొదటిసారిగా ఒక నది భాగానికి ఆ హోదా వచ్చింది. హోదా వచ్చాక ప్రభుత్వ సంస్థే క్రమం తప్పకుండా పరీక్షించాలి, పరీక్షిస్తే "నాసిరకం" అని తేలింది. నది ఆ ఒక్క కాగితంతో బాగుపడలేదు, కానీ ఇప్పుడు ఆ మాట అధికారిక రికార్డులో ఉంది, ఎవరూ కాదనలేరు.

మా వాగు సంగతి అడిగితే, పైపు ఇంకా రాలేదు, దరఖాస్తు వెనక్కి తీసుకుని వేరే మార్గాలు పరిశీలిస్తున్నాం అన్నారు, మళ్ళీ ఎప్పుడు పెడతారో తెలీదు. అందుకే నెలలో మొదటి ఆదివారం తెల్లారకముందు ఇద్దరు వెళ్ళి అవే నాలుగు చోట్ల కొలుస్తున్నారు, మధ్యాహ్నం ఇంకో ఇద్దరు. మామ్మగారికి కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, మనవరాలు మెట్టు చూసి చెప్తే ఆవిడ రాస్తున్నారు. నీలం ఇంకు నీళ్ళకి అలుక్కుపోతోందని ఈసారి బుక్కుతో పాటు పెన్సిల్ ఇచ్చాం, మీరూ వాగు దగ్గర రాసేదంతా పెన్సిల్‌తోనే రాయండి.